లామినేషన్ చేయించిన మందుల చీటీ: తిరుపతి మెడికల్ షాపుల వాళ్లకు బహిరంగ లేఖ

తిరుపతిలో మెడికల్ షాపులు నడిపే యజమానులకు, కౌంటర్ వెనక నిలబడి మందులిచ్చే నా తోటివాళ్లకు నమస్కారం.

నేను మీకు కొత్తవాణ్ని కాదు. డీ ఫార్మసీ చదివి 2004 నుంచి 2023 దాకా ఈ ఊళ్లోనే రెండు షాపుల్లో పనిచేశాను. ఒకటి ఆసుపత్రుల పక్కన, ఇంకోటి ఇళ్ల మధ్యన. నా పేరు చెప్తే మీలో కొందరు గుర్తుపడతారు. అయినా చెప్పడం లేదు, ఎందుకంటే ఇందులో నా తప్పు ఒక్కటే కాదు, మా అక్క ఇంటి పరువు కూడా ఉంది.

నా దగ్గర ఒక మందుల చీటీ ఉంది. డాక్టరు రాసింది అయిదు రోజులకు. ట్రామడాల్, పారాసెటమాల్ కలిపిన మాత్ర, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. అంటే పది మాత్రలు. ఆ చీటీ మీద పధ్నాలుగు నెలలు మాత్రలు కొన్నారు. జేబులో నలిగి నలిగి మడతల దగ్గర చిరిగిపోతుంటే, పోకుండా లామినేషన్ చేయించారు. మన షాపుల్లో ఎవరూ "ఇదేంది నా, చీటీకి లామినేషనా?" అని అడగలేదు. నేనూ అడగలేదు. ఆ చీటీ మా మేనల్లుడిది.

వాడు ఆటో తోలేవాడు. 2021లో రేణిగుంట రోడ్డులో లారీ తగిలి కాలు విరిగింది. మన వైపు ఎముక విరిగితే సగం మంది ముందు పోయేది పుత్తూరుకే కదా. మా అక్క కూడా అక్కడికే తీసుకుపోయింది. ఆకు పసరు, వెదురు బద్దలు, గుడ్డ కట్టు. పుత్తూరు కట్టును నేను తప్పు పట్టను, దాంతో నడిచినవాళ్లను చూశాను. కానీ వీడిది రెండు ముక్కలైన ఎముక, కట్టుకు నిలవలేదు. మూడు వారాల తర్వాత ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. అప్పుడు రాసిన చీటీ ఇది. రాసిన డాక్టరు తప్పేమీ చేయలేదు. ఆపరేషన్ నొప్పికి ఆ మాత్ర సరైనదే, అయిదు రోజులు సరైనవే.

ఆరో రోజున వాడు నేను పనిచేసే షాపుకొచ్చాడు. "మామా, ఇంకా లాగతాంది, ఒక స్ట్రిప్పు ఇయ్యి" అన్నాడు. ఇచ్చాను. చీటీ మీద పెన్నుతో ఒక టిక్కు పెట్టాను, అంతే. సొంత మేనల్లుడు, పైగా కాల్లో రాడ్ ఉన్నవాడు, కాదని ఎట్లా అనేది? అట్లా నాలుగైదు సార్లు ఇచ్చాక నాకే అనుమానం వచ్చి, "ఇంక చాలు రా, డాక్టరు దగ్గరికి పో" అన్నాను. వాడు సరేనని తలూపి, ఇంకో వీధిలో ఇంకో షాపుకు పోయాడు. అక్కడా టిక్కు పడింది. తర్వాత మూడో షాపు.

మీకు తెలియనిది కాకపోయినా ఒకసారి చెప్పుకుందాం, ఎందుకంటే ఇన్నేళ్లలో చాలామంది ఫార్మసిస్టులు కూడా ట్రామడాల్‌ను 'కొంచెం గట్టి నొప్పి మాత్ర' అని మాత్రమే అనుకోవడం చూశాను. ట్రామడాల్ 1977లో జర్మనీలో మార్కెట్‌లోకి వచ్చింది. మార్ఫిన్ అంత అలవాటు కాదని పేరుండేది కాబట్టి చాలా దేశాల్లో చాలా ఏళ్లు గట్టి ఆంక్షలేమీ లేకుండానే అమ్ముడైంది. కానీ అది పనిచేసేది మెదడులో నల్లమందు, మార్ఫిన్ పనిచేసే తలుపు దగ్గరే. దాంతోపాటు డిప్రెషన్ మందులు తాకే సెరటోనిన్‌ను కూడా తాకుతుంది. అందుకే నొప్పి తగ్గడమే కాదు, మనసు కూడా తేలికపడుతుంది, పని చేయాలనిపిస్తుంది. కొన్ని వారాల తర్వాత రెండు మాత్రలు చాలవు, నాలుగు కావాలి. మానేస్తే ముక్కు కారడం, ఆవలింతలు, ఒళ్లు గగుర్పొడవడం, విరేచనాలు, కాళ్ల లాగుడు. వాటి మీద ఇంకోటి, కారణం లేని భయం, టెన్షన్. ఆ కాళ్ల లాగుడునే వాడు ఆపరేషన్ నొప్పి అనుకున్నాడు. మాత్ర వేసుకోగానే పోతుంది కాబట్టి నొప్పి ఇంకా ఉన్నట్టే అని నమ్మాడు. నేనూ నమ్మాను, పంతొమ్మిదేళ్లు మందుల మధ్య నిలబడినవాణ్ని.

ఇంకో లెక్క ఉంది, దీన్ని దయచేసి కౌంటర్ దగ్గర గుర్తు పెట్టుకోండి. మన దగ్గర ఎక్కువగా పోయే కాంబినేషన్ మాత్రలో ట్రామడాల్ 37.5 మిల్లీగ్రాములు, పారాసెటమాల్ 325. మా వాడు చివరికి రోజుకు పదహారు, ఇరవై దాకా వెళ్లాడు. ఇరవై మాత్రలంటే పారాసెటమాల్ ఆరున్నర గ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు నాలుగు గ్రాములు దాటకూడదని మనం చదువుకున్నాం కదా. అంటే అలవాటు ఒక మందుకైతే, కాలేయం పోయేది రెండో మందుతో. ట్రామడాల్ లెక్క చూసినా అంతే, రోజుకు 400 మిల్లీగ్రాముల హద్దు ఎప్పుడో దాటిపోయింది. ఆ హద్దు దాటితే ఫిట్స్ వచ్చే ప్రమాదం బాగా పెరుగుతుంది.

ఫిట్స్ వచ్చింది కూడా. 2022 చివర్లో, లీలామహల్ సర్కిల్ దాటుతుండగా, ఆటో నడుపుతూ. వెనక సీట్లో కొండకు పోయే యాత్రికుల కుటుంబం, ఇద్దరు పిల్లలతో. ఆటో డివైడర్‌కు కొట్టుకుని ఆగింది. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు, అది ఆ వేంకటేశ్వరుడి దయ అని మా అక్క అంటుంది, నేను కాదనను. ఇంటికొచ్చాక ఇరుగుపొరుగు గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించారు. నెల తిరక్కుండా రెండోసారి ఫిట్స్ వచ్చి ఆసుపత్రికి తీసుకుపోతే, అక్కడి కుర్ర డాక్టరమ్మ వాడి జేబులు చూడమంది. లామినేషన్ చీటీ బయటపడింది. "ఇదెవరిచ్చారు?" అని అడిగింది. మా అక్క నా వైపు చూసింది.

ఈ ఊరికీ నొప్పికీ ఉన్న సంబంధం మీకు వేరే చెప్పక్కర్లేదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి, మోకాలి మెట్టు దగ్గర మోకాళ్ల మీద పాకి, దిగొచ్చినవాళ్లు మన కౌంటర్ దగ్గరే నిలబడతారు. వాళ్లకు మనమిచ్చేది మామూలు నొప్పి మాత్ర, పైన పూసే జెల్. దాంతో ఇబ్బంది లేదు, వాళ్లు మర్నాడు రైలెక్కి వెళ్లిపోతారు. ఇబ్బంది మిగిలిపోయేవాళ్లతో. రాత్రీ పగలూ తిరిగే ఆటో, జీపు డ్రైవర్లు, లాడ్జీల్లో బకెట్లు మోసే కుర్రాళ్లు, మార్కెట్లో లోడింగ్ కూలీలు, హోటల్లో పద్దెనిమిది గంటలు నిలబడే వంటవాళ్లు. వీళ్లలో ఒకడు వేసుకుని "ఒళ్లు నొప్పులు మాయం, నిద్ర కూడా రాలేదు నా" అంటే ఇంకో నలుగురు అడుగుతారు. పరీక్షల ముందు హాస్టల్ పిల్లలు మత్తిచ్చే కోడీన్ ఉన్న దగ్గు సిరప్పు కోసం దగ్గు నటిస్తూ వస్తారు, మీరు చూడలేదని నాతో చెప్పకండి.

మన భాషలో సారాకీ, జబ్బుకిచ్చేదానికీ ఒకటే మాట, మందు. ఎవరు పెట్టారో గానీ ముందుచూపుతో పెట్టినట్టుంది. తాగితే వాసన వస్తుంది, పోలీసులు ఊదిస్తారు. అలిపిరి చెక్‌పోస్టు దగ్గర బ్యాగులో సీసా దొరికితే పట్టుకుంటారు. మాత్రకు వాసన లేదు. ఆ మాటే మా మేనల్లుడు ఒకసారి నవ్వుతూ అన్నాడు, "మామా, ఇదయితే అలిపిరిలో కూడా ఆపరు" అని. అప్పుడు నేనూ నవ్వాను.

ఇది మన ఒక్క ఊరి సంగతి అనుకోకండి. ఢిల్లీ ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో వచ్చింది. దాని లెక్కలో నల్లమందు వాడేవాళ్లు జనాభాలో 0.52 శాతమైతే, మందుల షాపుల్లో దొరికే ఓపియాయిడ్ (నల్లమందులా పనిచేసే) మాత్రలు, సిరప్పులు, సూదులు దుర్వినియోగం చేసేవాళ్లు 0.96 శాతం. అంటే దాదాపు రెట్టింపు. నల్లమందు కంటే, లైసెన్సు ఫ్రేము కట్టించి గోడకు తగిలించిన చోట అమ్మేదే ఎక్కువమందికి చేరుతోంది.

మన ఇళ్లల్లో అమెరికాకు పిల్లల్ని పంపనివాళ్లు తక్కువ. అక్కడ ఏం జరిగిందో వాళ్లనే అడగండి. 1996లో ఒక కంపెనీ ఆక్సికోడోన్ అనే ఓపియాయిడ్ నొప్పి మాత్రను కొత్త రూపంలో తెచ్చి, అలవాటు పడేవాళ్లు నూటికి ఒక్కరు కూడా ఉండరని మెడికల్ రెప్‌లతో డాక్టర్లకు చెప్పించింది. 2007లో అదే కంపెనీ, మందు గురించి తప్పుదారి పట్టించామని కోర్టులో నేరం ఒప్పుకుంది. అప్పటికి ఊళ్లకు ఊళ్లు అలవాటు పడిపోయాయి. మాత్రలు దొరక్కపోతే హెరాయిన్, తర్వాత దానికంటే ఘాటైన ఫెంటనిల్. 2022లో ఆ దేశంలో డ్రగ్స్ ఎక్కువై చనిపోయినవాళ్లు లక్షా ఏడు వేలకు పైనే, అందులో నూటికి డెబ్బై అయిదు మంది దాకా ఓపియాయిడ్లతోనే. మనకు పనికొచ్చే సంగతి ఇంకోటుంది. చివరికి కేసులు మందు తయారుచేసినవాళ్లతో ఆగలేదు, అమ్మిన షాపుల దాకా వచ్చాయి. మూడు పెద్ద ఫార్మసీ చెయిన్లు 2022లో పరిహారంగా మొత్తం 1,300 కోట్ల డాలర్లకు పైగా కట్టడానికి ఒప్పుకున్నాయి. తప్పు చేశామని ఒప్పుకోలేదు, డబ్బు కట్టడానికి మాత్రం ఒప్పుకున్నాయి. వాళ్ల మీద వచ్చిన ఆరోపణ ఏమిటంటే, అనుమానపడాల్సిన చీటీని చూసి కూడా కళ్లు మూసుకున్నారని. మన లామినేషన్ చీటీలాంటిదే.

చట్టం మన దగ్గర కూడా లేకపోలేదు. ట్రామడాల్‌ను 2018 ఏప్రిల్ 26న కేంద్రం ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చింది, గంజాయి కేసులు పెట్టే చట్టమే. 250 గ్రాములు దాటితే దాన్ని వాణిజ్య పరిమాణం అంటారు, తక్కువలో తక్కువ పదేళ్ల జైలు. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 మందులకు, అంటే ట్రామడాల్ లాంటి గట్టి నిఘా ఉన్నవాటికి, వేరే రిజిస్టరు ఉండాలి, రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎన్నిచ్చాం అన్నీ రాయాలి, మూడేళ్లు దాచాలి. చీటీ మీద షాపు పేరు, ఇచ్చిన తేదీ వేయాలి. డాక్టరు మళ్లీ ఇవ్వమని రాయకపోతే రెండోసారి ఇవ్వకూడదు. ఇవన్నీ మన వెనక గోడ మీద కాగితాల్లో ఉన్నవే.

రిజిస్టరు సంగతి మాత్రం మనలో మనం నిజం చెప్పుకుందాం. నేను పనిచేసిన చోట అది నెలాఖరున రాసేవాళ్లం. తనిఖీ ఉంటుందని ఎవరో అంటే ఆ రాత్రే కూర్చుని రాసేవాళ్లం. స్టాకు లెక్కకు సరిపోయేలా పేర్లు వేసేవాళ్లం, ఎప్పుడో చీటీ రాసిన డాక్టర్ల పేర్లు కలిపేవాళ్లం. ఒకసారి నేను రాసిన పేర్లలో చనిపోయిన మా పెదనాన్న పేరు కూడా ఉంది, వేరే పేరు తోచక. ఫార్మసిస్టు సర్టిఫికెట్ గోడ మీద, ఫార్మసిస్టు ఇంకో ఊళ్లో, కౌంటర్ దగ్గర ఇంటర్ చదివిన కుర్రాడు. ఇట్లాంటి షాపులు ఎన్నున్నాయో నాకంటే మీకే బాగా తెలుసు. 2025 మార్చిలో 'ఆపరేషన్ గరుడ' పేరుతో రాష్ట్రమంతా మెడికల్ షాపుల మీద ఒకేసారి తనిఖీలు చేశారు. ఆ వారం అందరూ ఎంత నియమంగా ఉన్నారో పాత స్నేహితులు ఫోన్లు చేసి చెప్పారు. ఆ వారంలో ఉన్నట్టు మిగతా వారాల్లో ఉండలేమా?

"మనం ఇయ్యకపోతే పక్క షాపోడు ఇస్తాడు" అంటారు. నిజమే, మా వాడి విషయంలో అదే జరిగింది. ఒక స్ట్రిప్పు మీద మనకు మిగిలేది ఒక టీ, ఒక బన్ను డబ్బులు. దానికోసం కాదు మనం ఇచ్చేది. ఇవ్వకపోతే ఆ మనిషి బీపీ మాత్రలు, పిల్లల డైపర్లు, అమ్మగారి షుగర్ స్ట్రిప్పులు కూడా పక్క షాపులో కొంటాడనే భయం. ఆ భయం పోవాలంటే ఒక్కరు మానితే చాలదు, వీధిలో అందరూ ఒకేరోజు మానాలి. మీ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే స్వామివారి ఫొటోలతో శుభోదయాలు ఎన్నొస్తాయో నాకు తెలుసు, నేనూ పంపినవాణ్నే. ఆ గ్రూపులోనే ఒకరోజు మాట్లాడుకోండి. చీటీ మీద ముద్ర, తేదీ వేయకుండా ట్రామడాల్, దాని జాతిదే అయిన టాపెంటాడాల్, కోడీన్ సిరప్పు ఎవరూ ఇవ్వమని. ముద్ర పడిన చీటీని ఇంకో షాపు వాళ్లు చూస్తే వెంటనే తెలిసిపోతుంది. మా వాడి చీటీ మీద మూడు షాపుల టిక్కులున్నాయి, ఒక్క ముద్ర లేదు. లామినేషన్ చేశాక ఇంక ముద్ర పడదు కూడా. ఆ సంగతి తెలిసే చేయించాడేమో, నేను అడగలేదు.

అయితే ఆ గ్రూపులో మనుషుల ఫొటోలు మాత్రం పెట్టకండి. సీసీ కెమెరాలో దొంగల్ని పట్టినట్టు "వీడికి ఇవ్వొద్దు" అని తిప్పితే, వాడు షాపు మానడు, ఊరు మానతాడు. ఎక్కడ దొరికితే అక్కడ, ఏది దొరికితే అది మింగుతాడు. ఏడాదిగా వాడుతున్న మనిషికి ఒక్కరోజులో ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం విసిగి ఏ పనైనా చేసుకోవచ్చు. మా అక్క వాణ్ని రెండు రోజులు గదిలో పెట్టి తాళం వేసింది, ప్రేమతోనే. మూడో రోజు వాడు బాత్రూంలో యాసిడ్ సీసా పట్టుకుని కూర్చున్నాడు. తలుపు పగలగొట్టాం. ఇంతకంటే ఆ రోజు గురించి రాయలేను.

"లేదు" అని చెప్పి అక్కడితో వదిలేయకండి. పక్కకు పిలిచి, ఎన్ని రోజులుగా వేసుకుంటున్నాడో, రోజుకు ఎన్నో మెల్లగా అడగండి. చాలామంది చెప్తారు, అడిగినవాళ్లు లేక చెప్పలేదు. రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఉంది, అది పిచ్చోళ్ల ఓపీ కాదని, మాత్రల అలవాటుకు కూడా అదే చోటని చెప్పండి. 14446 అనే జాతీయ హెల్ప్‌లైన్ నంబరు ఒక చిన్న కాగితం మీద రాసి కౌంటర్ అద్దానికి లోపలి వైపు అంటించండి, అవసరమైనప్పుడు చింపి ఇవ్వడానికి నాలుగు జిరాక్సులు పెట్టుకోండి. ఎవరైనా మాత్రలను మూటలు మూటలుగా అమ్ముతుంటే అది వేరే సంగతి, దానికి మత్తుమందుల కేసులు చూసే రాష్ట్ర పోలీసుల ఈగల్ విభాగం నంబరు 1972. రోగికి ఒక నంబరు, వ్యాపారికి ఒక నంబరు, ఈ రెండూ కలపకండి. ఎవరైనా మీ ముందే మత్తులో కూలి, కంటిపాప సూదిమొన అంత అయి, ఊపిరి బాగా నెమ్మదిగా, పైపైన తీస్తుంటే ముఖం మీద నీళ్లు చల్లుతూ కూర్చోకండి, 108 పిలవండి, ఏం మింగాడో స్ట్రిప్పుతో సహా పంపండి. ఆసుపత్రిలో ఈ మత్తును విరిచే నాలోక్సోన్ సూది ఉంటుంది, అది వేయాలా వద్దా అని వాళ్లు నిర్ణయించడానికి ఆ స్ట్రిప్పు కావాలి.

ఇంకొక్క మాట. ఈ లేఖ చదివి భయపడి క్యాన్సర్ రోగులకు మార్ఫిన్ ఆపేస్తారేమో అని నాకు భయంగా ఉంది. అది ఇంకా పెద్ద పాపం. అలిపిరి దగ్గర క్యాన్సర్ ఆసుపత్రి వచ్చాక మన ఊరికి ఆ రోగులు ఎక్కువే వస్తున్నారు. నొప్పితో ఏడ్చేవాళ్లకు ఆ మందు అందాలనే 2014లో చట్టాన్ని సవరించారు. అక్కడ రోగిని చూసుకునే డాక్టరు ఉంటాడు, లెక్క ఉంటుంది. లెక్క లేనిది మన కౌంటర్ దగ్గరే.

డాక్టర్లు చదివితే వాళ్లకూ ఒక విన్నపం. ఎన్ని మాత్రలో అంకెతో పాటు అక్షరాల్లో కూడా రాయండి, అయిదు రోజులకైతే కింద 'మళ్లీ ఇవ్వవద్దు' అని తెలుగులో రాయండి. మా కుర్రాళ్లకు మీ చేతిరాత అర్థం కాదు, ఆ రెండు మాటలు అర్థమవుతాయి.

మా మేనల్లుడు ఇప్పుడు ఈ అలవాటు మాన్పించడానికిచ్చే బ్యుప్రెనార్ఫిన్ మీద ఉన్నాడు. నాలుక కింద పెట్టుకునే మాత్ర, డాక్టరు చూస్తూ ఇస్తాడు, మోతాదు మెల్లమెల్లగా తగ్గిస్తున్నాడు. ఆటో ఫైనాన్స్ వాళ్లు తీసుకుపోయారు, మా అక్క గాజులు ఇంకా కుదువలోనే ఉన్నాయి. వాడు కొర్లగుంటలో ఒక ఇడ్లీ బండి దగ్గర పిండి రుబ్బే పనికి పోతున్నాడు, తెల్లారి మూడింటికి. మధ్యలో రెండుసార్లు జారాడు. రెండోసారి మాత్రలు ఎక్కడ కొన్నావని అడిగితే షాపు పేరు చెప్పలేదు. "వాళ్లు మంచోళ్లు మామా, నేనే అడిగినా" అన్నాడు.

వచ్చే సోమవారం మళ్లీ ఓపీ ఉంది. నేనే తీసుకుపోతున్నాను. మీలో ఎవరైనా ఆ చీటీ చూడాలనుకుంటే, మధ్యాహ్నం దాకా ఓపీ వరండాలో ఉంటాను. మొదటి టిక్కు నీలం పెన్నుది. అది నాది.

ఇట్లు,
పంతొమ్మిదేళ్లు కౌంటర్ వెనక నిలబడిన ఒక ఫార్మసిస్టు,
కొర్లగుంట, తిరుపతి